దెబ్బలు తినే మనం, ధ్యాసకు పైసలు కట్టే వాళ్లు

"ధ్యాసకు పైసలు కట్టుడేంది పిల్లా? గా ఇంగ్లీషోళ్లకు బుద్ధి ఉన్నదా?"

"మనకున్నదా అవ్వా? బీడీ తాగుతం, దెబ్బలు తింటం. దెబ్బలేమన్న బువ్వనా తినేందుకు?"

ఆదిలాబాద్ బస్సులో పక్క సీటు రజియాతో నాకు జరిగిన తగాదా ఇది. మర్నాడు పొద్దున ఒక బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి ఆమె పాఠం చెప్పి చూపించాలి. మెట్‌పల్లి దాటినప్పటి నుంచి నోట్‌బుక్‌లో ఒకవైపు 'పే', 'క్యాచ్', 'మేక్', ఇంకోవైపు 'అటెన్షన్', 'కోల్డ్', 'ఫ్రెండ్స్' రాసుకొని విడివిడిగా బట్టీ పడుతోంది. ఏది దేనితో జతవుతుందో మాత్రం ప్రతిసారీ మరిచిపోతోంది. 'పే అటెన్షన్' అంటే ఏమిటని నేను అడగడంతో తగాదా మొదలైంది.

రెండో తరగతిలో బడి మానేసి మగ్గం పట్టినదాన్ని నేను. దెబ్బలు ఎందుకు తింటామో నాకూ తెలియదు. ఓడినట్టు ఒప్పుకోవడం ఇష్టంలేక గద్దించాను.

"పోగులు విడిగ పెడితే చిక్కువడ్తయి బిడ్డా. మేం కొత్త పోగును పాతదాని కొసకు అతికే పెడతం. నువ్వు గూడ మాటలను జతలు జతలుగ రాయి. కొత్త కాయితం దండుగ, అట్ట మీద రాయి."

ఇచ్చోడలో నేను దిగేదాకా అట్ట నిండా రాసింది. నా ఫోన్ నంబరు కూడా అక్కడే రాసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. పాఠాన్ని 'బీడీ తాగుడు' అన్న మాటతోనే మొదలుపెట్టిందట. పిల్లలు నవ్వారట, హెడ్మాస్టరు నవ్వలేదట. సోమవారం నుంచి రమ్మన్నాడట, బీడీని మాత్రం ఇంట్లో వదిలి రమ్మన్నాడట.