తీగ వెంట వేలు

పాలమూరులో ఒక మిషన్ దవాఖానలో నేను నర్సుగా ఉన్నప్పుడు, డాక్టరుగారి కారు నడిపే పెద్దాయన ఒకడుండేవాడు. కారులో ఏది చెడినా కళ్లు మూసుకుని, తీగ వెంట వేలు పోనిస్తూ వెతికేవాడు. "కండ్లు తొందరపడ్తయి సిస్టరమ్మా, ఏలు తొందరపడది" అనేవాడు.

నవాబు పాలన ముగించడానికి పట్నం మీదికి యూనియన్ పటాలాలు వస్తున్న రోజులవి. ఊళ్లో మూడు రంగుల జెండా ఎత్తినందుకు ఆయన కొడుకు ఏడాదిగా జైల్లో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే కారులోని రేడియో మూగబోయింది. రెండు రోజులుగా గాయపడ్డవాళ్లను తెచ్చి తెచ్చి అలసిపోయిన మనిషి, అయినా ముందు సీట్లోంచి కిందికి వంగి రేడియో వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. ఫ్యూజు బాగానే ఉంది. దీపాలు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీలోనూ లోపం లేదు. చివరికి కారు రేకుకు బిగించిన తీగ దగ్గర ఆయన వేలు ఆగింది.

"గిదే. తుప్పు పట్టింది."

చాకుతో గీకి బిగించగానే రేడియో గురగురమని, కాసేపటికి ఇంగ్లీషులో వార్తలు చెప్పింది. నవాబు లొంగిపోయాడట, పోరు ఆగిందట. దవాఖాన వాకిలంతా కేకలు. ఆయన మాత్రం కదలలేదు.

"జైళ్ల సంగతి ఏమన్న చెప్పిండ్రా అమ్మా?"

"లేదయ్యా."

వార్తలైపోయి పాటలు మొదలయ్యాయి. ఆయన రేడియో ఆపలేదు. "మళ్ల చెప్తరేమో" అన్నాడు.

డాక్టరుగారు వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

"బ్యాటరీ దిగుతది సారూ" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

"దిగనీ" అన్నారు డాక్టరుగారు.