ఎత్తు కుర్చీ దిగే మనిషి

మా డ్రిల్లు సారు పోయారని ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆయన దగ్గరికే బయలుదేరుతున్నాను. వాలీబాల్ అంపైరింగ్ ఇక నా వల్ల కాదు, విజిల్ పక్కన పెట్టేస్తానని చెప్పడానికి. కోచ్‌ల తిట్లు వినీ వినీ విసిగిపోయాను. ఆ మాట చెప్పకుండానే ఆయన పాడె మోశాను.

బడిలో ఆట నేర్పింది ఆయనే, తర్వాత అంపైరింగ్ నేర్పిందీ ఆయనే. ఏ కోచ్ అయినా గొడవకొస్తే మేమంతా నెట్ పక్కన ఎత్తు కుర్చీలోంచే చెయ్యి ఊపి పొమ్మంటాం. సారు మాత్రం దిగేవారు. మోకాళ్లు అరిగిపోయిన మనిషి, ఒక్కో మెట్టూ పట్టుకుని, అబ్బా అనుకుంటూ. ఆయన నేల మీదికి వచ్చేలోపు కోచ్ కోపం సగం చల్లారేది. ఎందుకు సార్ ఈ తిప్పలు అని అడిగితే నా మీదే విసుక్కున్నారు.

"పిల్లోళ్ల ముందర వాని పరువు పోతాంటే అరవక ఏం చేస్తాడప్పా? పైనుంచి కసిరితే ఇంగా అరుస్తాడు. దిగి విను. విన్నంత మాత్రాన పాయింటు ఇయ్యాలని యాడుంది?"

అలాగని మెత్తని మనిషేం కాదు. నోరు జారితే కార్డు చూపించేవారు. సాయంత్రం ఆ కోచ్‌తోనే కూర్చుని టీ తాగేవారు.

పులివెందులలో ఒక ఫైనల్. బంతి అవతలివాళ్ల చేతికి తగిలే బయటికి పోయింది, పాయింటు మాదేనని జమ్మలమడుగు కోచ్ గొంతు చించుకున్నాడు. సారు దిగారు, చివరిదాకా విన్నారు.

"నాకు కనపడలేదప్పా. కనపడనిది నేనెట్లా ఇచ్చేది?"

జనం గోల చేశారు. కోచ్ మాత్రం వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాడు కూడా.

సారు పోయిన రోజు అందరికంటే ముందొచ్చింది ఆ జమ్మలమడుగు కోచే. ఇంగ నేను ఎవరి మింద అరిచేది అని నన్నడిగాడు. 

ముందే ఒప్పుకున్న మ్యాచ్ ఒకటి జమ్మలమడుగులో మిగిలింది. అదే ఆఖరిదనుకుని వెళ్లాను. చివరి సెట్లో ఒక జమ్మలమడుగు ఆటగాడి చెయ్యి నెట్‌కు తగిలిందని విజిల్ ఊదాను. ఆ కోచ్ అరుచుకుంటూ కుర్చీ కిందికొచ్చాడు. కసరబోయాను. శానా అలసటగా ఉంది. ఎందుకో కాలు కింది మెట్టు మీద పడింది.

నేను దిగేసరికి అరుపు ఆగిపోయింది. చెప్పన్నా, నేను వింటాండా అన్నాను. కోచ్ నా భుజం మీదుగా, ఖాళీగా ఉన్న ఆ కుర్చీనే చూస్తూ నిలబడ్డాడు. రెండు జట్లూ మమ్మల్నే చూస్తున్నాయి.

"ఎక్కప్పా" అన్నాడు. "వచ్చే నెల పులివెందుల మ్యాచ్‌కూ నువ్వే రా."

విజిల్ నోట్లో పెట్టుకుని, ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కాను.