మాగాళి పొదకు పసుపుగుడ్డ

మా మేనత్తకు దేవుడంటే పెద్ద భక్తేమీ లేదు. అయినా తమిళనాట ఇండూరు దగ్గర మా చేను వెనక గుట్టమీద ఒక అమ్మవారు వెలసిందంటే, ఆ పుణ్యమంతా ఆవిడదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఆ గుట్టమీద మాగాళి అనే తీగపొదలు ఉండేవి. వాటి వేరు ఘుమఘుమలాడుతుంది. ఊరగాయకూ షర్బత్తుకూ టౌనులో ఎగబడి కొంటారు. వేరు తవ్వితే పొద చస్తుంది. తవ్వి తవ్వి గుట్టను బోడిచేసి, చివరికి ఒక్క పొదను మిగిల్చారు. తవ్వరాదని ఫారెస్టువాళ్ళు తమిళంలో బోర్డు పెడితే, తవ్వేవాళ్ళు దానికి సద్దిమూటలు తగిలించుకున్నారు. బోర్డు అలాగైనా అక్కరకొచ్చింది.

ఆ ఒక్క పొదకు ఆ ఏడాది కాయలు పట్టాయి. అవి పండి, పగిలి, గింజలు గాలికి ఎగిరితే గుట్టకు మళ్ళీ ప్రాణం వస్తుందని అత్త ఆశ. అందుకే పొదకు పసుపుగుడ్డ చుట్టి, దాని మొదలు దగ్గర ఒక రాయి నిలబెట్టి కుంకుమ పెట్టింది. చట్టానికి భయపడనివాళ్ళు గుడ్డకు భయపడ్డారు. గడ్డపారలు ఆగిపోయాయి. మేము మురిసిపోయాం.

భక్తులు ఊరుకుంటారా? మొదట పాలు పోశారు, తర్వాత నూనె. అమ్మవార్లకు పొంగళ్ళు పెట్టే ఆడినెల వచ్చేసరికి పొదకు ఆనించి మూడురాళ్ళ పొయ్యి పెట్టి పొంగలికుండ ఎక్కించారు. ఆకులు కమిలిపోతుంటే అత్తకు ఒళ్ళు మండింది. జుట్టుముడి ఊడినా చూసుకోకుండా పరుగెత్తి, పొయ్యిని కాలితో తన్నింది.

"ఈడ సామీ లేదు, గీమీ లేదు. ఆ గుడ్డ కట్టింది నేనే. అందరూ పోండి" అని అరిచింది.

అత్త ఒంటిమీదికి సామి వచ్చిందన్నారు. కర్పూరం వెలిగించారు. ఊరిపెద్ద ఆవిడ చేతిలో నిమ్మకాయ పెట్టి, వంగి, ఏం కావాలో చెప్పమని వేడుకున్నాడు.

అత్త గట్టిది. తను చెప్తే వినరు, సామి చెప్తే వింటారని అక్కడికక్కడే గ్రహించింది. కళ్ళు మూసి ఊగింది.

"నాకు పాలొద్దు, పొయ్యొద్దు. నా దగ్గరికి ఎవురూ రావద్దు."

నవ్వాపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పాపం, ఆ మాట ఎవరూ జవదాటలేదు. పాలు ఆగాయి, పొయ్యి ఆగింది. ఎవరూ దగ్గరికి రాకూడదంటే చుట్టూ గోడ ఉండాలి కదా, అమ్మవారి చుట్టూ గోడంటే గుడే కదా అని పెద్దలు తీర్మానించారు. కాయలింకా పచ్చిగా ఉండగానే పునాది తవ్వారు. గడ్డపారలకు కూడా బొట్లు పెట్టారు.

ఆ తవ్వకంలో పొద మొదలంటా పెకలింది. బయటపడ్డ వేరును కడిగి, అరిటాకులో పెట్టి, మేళంతో మా ఇంటికి తెచ్చారు.

"తల్లి నీ నోట పలికినాది. మొదటి ప్రసాదం నీకేమ్మా" అన్నాడు ఊరిపెద్ద.

ఇల్లంతా కమ్మటి వాసన. అత్త ఆ వేరును ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అది చూసి వాళ్ళంతా ఇంకోసారి ఆవిడ కాళ్ళమీద పడ్డారు.