మా దుర్గ పెంచే పురుగులు

మా అన్న కూతురు దుర్గాదేవి బందరు యూనివర్సిటీలో పెద్ద చదువు చదివి, చివరికి పురుగులు పెంచుతోంది. కంటికి కనపడని పురుగులట. రొయ్యల చెరువులో పోస్తే అడుగున కుళ్లిన మేత తినేసి నీళ్లు బాగుచేస్తాయట.

"మన వంశంలో చేపలు పట్టారు, రొయ్యలు పట్టారు. పురుగులు పట్టింది నువ్వేనే" అన్నాను.

"పట్టడం కాదత్తా, పెంచడం" అంది. దానికి నోరు నా పోలికే.

యూనివర్సిటీ దగ్గర ఒకప్పుడు జిరాక్సు షాపులున్న వీధిలో ఇప్పుడన్నీ ఇలాంటి కంపెనీలే. ఒకడు రొయ్యపిల్లకి జబ్బుందో లేదో చూస్తాడు. ఒకడు రొయ్య పొట్టుతో పొడి చేస్తాడు. రొయ్యలమ్ముకుంటూ నేను పారబోసిన పొట్టంతా దాచుంటే ఈపాటికి నేనూ ఓనర్నే. ఆ వీధిలో దుర్గకి రెండు గదులు, పనికి ఇద్దరు ఆడపిల్లలు, ఒక ఫ్రిజ్జు. మందుంది, కొనేవాడే లేడు.

కోడూరు భుజంగరావు గారికి ఏడు చెరువులు. ఆయన వాడితే చుట్టుపక్కలంతా వాడతారు. ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గర రొయ్యలు కొంటున్నాను గనక, నా మొహం చూసి, మందు పోసి చూడ్డానికి ఒక్క చెరువు ఇస్తానన్నారు. ఇదీ తప్పితే గదులు ఖాళీ చేసి ఏ బళ్లోనో పాఠాలు చెప్పుకుంటానంది దుర్గ.

గట్టు మీద డబ్బాలో నీళ్లు, బెల్లం, తవుడు కలిపి, తన పురుగుల పొడి వేసి, గుడ్డ కట్టింది. మర్నాటికి నురగ కట్టి పుల్లటి వాసన రావాలి. దుర్గ అటు వెళ్లగానే నాకు మనసొప్పలేదు. కొత్త వలనైనా పసుపు పెట్టకుండా సముద్రంలో వేస్తామా? ఆడపిల్ల మొదటి పని! గుడ్డ విప్పి, అరకేజీ పసుపు వేసి, బాగా కలిపి దణ్ణం పెట్టుకున్నాను.

పొద్దున దుర్గ గుడ్డ తీసి డబ్బాలోకి వంగి చూసింది. నురగ లేదు, పుల్లటి వాసన లేదు, అంతా పసుపుపచ్చ.

"అత్తా! పసుపు వేశావా?"

"వేశాను. దొంగతనం చేయలేదుగా."

"పుండు మీద పసుపెందుకు రాస్తావు?"

"పురుగు పట్టకుండా..." అని ఆగిపోయాను. నా నోరు ఆగడం అదే మొదలు.

మందు పోయడం చూడ్డానికి గట్టు మీదికొచ్చిన భుజంగరావు గారు వాచీ చూసుకున్నారు. "పసుపేగా తల్లీ, మంచిదే. పోసెయ్. సాయంత్రం ఇంకో కంపెనీ కుర్రాడు వస్తానన్నాడు."

"పోసెయ్యవే, ఎవరు చూడొచ్చారు" అని దాని చెవిలో గొణిగాను.

"ఇందులో పురుగులన్నీ చచ్చిపోయాయండీ" అంది దుర్గ ఆయనతో. "పోస్తే మీ రొయ్యలకి మంగళస్నానం, అంతే. ఇంకో పొట్లం ఉంది, రేపటికి తయారవుతుంది. ఆగలేనంటే ఆ అబ్బాయినే రమ్మనండి." అంటూనే డబ్బా గట్టు అవతలికి వంచేసింది.

ఆయన ఆ నీళ్లు చింది తడిసిన చెప్పులు విదిలించుకున్నారు. "ఇన్నేళ్లలో నాచేత ఎన్ని మందులు పోయించారో. పనిచేయదని పారబోసినవాడు ఒక్కడూ లేడు" అని ఫోను తీశారు. "బాబూ, ఇవాళ రావద్దు."

ఊరుకోలేక అడిగాను. "రేపు కూడా నురగ రాకపోతేనో?"

"రాకపోతే ఆ పిల్లే చెబుతుంది ముత్యాలమ్మా. నువ్వు మాత్రం ఈ గట్టెక్కకు."

ఎక్కలేదు. బెల్లం తేవడానికి బజారుకి వెళ్లాను.