రిమ్ము మీద ప్రార్థన నూనె

దేవునికి స్తోత్రం. షిఫ్టుల్లో అరిగిపోయిన ఈ మోకాళ్ళను తెల్లారగానే తన ఎదుట వంచుకునే కృప ఇంకా మిగిల్చినందుకు ఆయన నామానికి మహిమ. ఈ నాలుగు మాటల్లో నా పనితనం కన్నా ఆయన ఓపికే ఎక్కువగా కనిపించాలి.

నేను నాచారంలో ఒక ఇంజినీరింగ్ యూనిట్ టూల్ రూంలో పనిచేస్తాను. ఉంటున్నది ఉప్పల్‌లో, అద్దె ఇంట్లో. మా అమ్మాయి రామంతాపూర్‌లో డిగ్రీ చదువుతోంది. కాలు కింద పెట్టకుండా బండ మీది నుంచి బండ మీదికి సైకిల్‌తో దూకే ఆట ఆమెది. ట్రయల్స్ అంటారు. ఆ సైకిల్‌కు సీటు ఉండదు. దాన్ని మొదటిసారి యూనిట్‌కు తీసుకుపోయినప్పుడు పక్క మిషన్ మీద ఉండే అతను చుట్టూ తిరిగి చూశాడు.

"అన్నా, ఏమేమో జేస్తనంటున్నవ్ గని, ముందుగాల బిడ్డకు జర సీటు కొనియ్యరాదే!"

నవ్వే ఓపిక కూడా లేక తల ఊపాను.

పోయిన ఏడాది ఆమె బండ మీది నుంచి పడితే మణికట్టు చిట్లింది. కట్టు విప్పిన రోజే నా భార్య తేల్చి చెప్పింది: "ఇంకొక్కసారి పడ్డవంటే ఆ సైకిల్ ఇంట్ల ఉండది." ఆమె మాట అంటే మాటే. అంతలో ఆమె ఆడే సైకిల్ క్లబ్బు వాళ్ళు బయటి ఊరి పోటీకి ఎంపిక పెట్టారు. పడకుండా బండలెక్కితేనే అమ్మాయికి సైకిల్ మిగులుతుంది.

అప్పుడు పడడానికి కారణం ఫ్రీవీల్, పెడల్ తొక్కుడును చక్రానికి అందించే భాగం. దాని లోపల చిన్న నాలుకల్లాంటి ముక్కలు పళ్ళను పట్టుకుంటేనే చక్రం కదులుతుంది. పట్టుకునేదాకా పెడల్ ఊరికే తిరుగుతుంది. రోడ్డు మీద ఆ ఖాళీ ఎవరికీ తెలియదు. బండ అంచున వెనక చక్రం మీద నిలబడ్డ పిల్లకు తెలుస్తుంది.

సూపర్‌వైజర్‌ను అడిగి, స్క్రాప్ ఉక్కుతో కొత్త ఫ్రీవీల్ చేయడానికి షిఫ్టు అయ్యాక కూర్చునేవాణ్ణి. పళ్ళ సంఖ్య పెంచాను. పళ్ళు చిన్నవై నలిగిపోయాయి. ఉక్కును కాల్చి ముంచి ఇంకా గట్టిపరిచాను. పగిలిపోయాయి. బస్సులో నిలబడి ఇంటికొచ్చి, చల్లారిన అన్నం తిని, ప్రార్థనకు కూర్చుంటే చేతులు మిషన్ నూనె వాసన కొట్టేవి. కళ్ళు మూసుకున్నది ప్రార్థనకో నిద్రకో నాకే తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఆరాధనలో ఉత్తర ప్రత్యుత్తరంగా వాక్యం చదువుతున్నాం. కాపరి ఒక వచనం, సంఘం ఒక వచనం. ఒకరు ఆగీ ఆగకముందే మరొకరు అందుకుంటున్నారు. అప్పుడు తట్టింది: పళ్ళు పెద్దవిగానే ఉంచి, నాలుకలను రెండు జట్లు చేసి, ఒక జట్టును సగం పన్ను వెనక్కి జరిపితే? ఒకటి ఖాళీలో ఉంటే రెండోది పట్టుకుంటుంది. భారమంతా సగం నాలుకల మీదే పడుతుంది కాబట్టి వాటిని మందంగా చేశాను. అది నిలిచింది. సంతోషించాల్సిన రోజు. నేను పడుకుని నిద్రపోయాను.

ఎంపిక అన్నోజిగూడ దాటాక, బండలున్న ఒక ఖాళీ స్థలంలో జరిగింది. అమ్మాయి మొదటి బండ ఎక్కింది. రెండోది ఎక్కింది. తొక్కిన ప్రతిసారీ చక్రం వెంటనే అందుకుంది. మూడో బండ మీద వెనక చక్రంపై నిలబడి బ్రేకు బిగించింది. అక్కడ బ్రేకు కదలకుండా పట్టాలి. అందుకే బ్రేకు ఒత్తుకునే రిమ్మును గ్రైండర్‌తో గరుకు చేయించాం కూడా. అయినా చక్రం జారింది.

భుజం మీద పడింది. మణికట్టుకు ఏమీ కాలేదు.

"బ్రేకు పట్టలే డాడీ," అంటూ రిమ్ము మీద వేలు రాసి వాసన చూసి, ఆ వేలు నా ముందు పెట్టింది.

నాకు తెలిసిన వాసనే. శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థించి ఇచ్చే ఒలీవ నూనె. మా సంఘంలో కొత్త బండి కొన్నా, హాల్ టికెట్ వచ్చినా, కుట్టు మిషన్ తెచ్చినా ఆ నూనె రాసి ప్రార్థిస్తాం. ఆ ఉదయం నా భార్య మాకంటే ముందే లేచింది.

"నా నెత్తికి పెట్టింది సాలలేదా మమ్మీకి?" అమ్మాయి నవ్వబోయింది. కళ్ళలో నీళ్ళు. "ఆమెకు జెప్పకు డాడీ. బాధపడ్తది."

చెప్పకూడదనే అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి నా భార్య గీరుకుపోయిన మోచేయి చూసి చాప మీద కూలబడింది.

"నూనె వెట్టి, ప్రార్థన జేసి పంపిన. అయినా పడ్డది. ఇగ దేవుడే వద్దంటున్నడు. ఆ సైకిల్ తీసేద్దం."

ఇంకా ఊరుకుంటే ఆయన అనని మాటను ఆయన నోట పెట్టినట్టే.

"దేవుడు వద్దనలే," అన్నాను. "నువ్వు వెట్టిన నూనె బ్రేకు పట్టే జాగల పడ్డది."

ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. "జారేది చక్రమే గదా అని చక్రానికి వెట్టిన. బైబిల్ల మన పితరుడు రాయి మీద నూనె పొయ్యలేదా?"

"నువ్వు రాయి మీద పొయ్యలే, బతికిన మమ్మీ!" అంది అమ్మాయి. "నేను ఎక్కేది దాని మీదనే."

నా భార్య నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే నా చెయ్యి తగిలే బిడ్డ పడ్డదా?"

నూనె మానెయ్యమని ఆమెకు చెప్పలేను. నూనెను ఓర్చుకునే రిమ్ము చేయలేను.

తర్వాతి వారం హ్యాండిల్ మధ్యలో పెట్టడానికి చిన్న ఇత్తడి మూత చేశాను. పైన బొటనవేలంత గుంట, నూనె కిందికి కారకుండా చుట్టూ అంచు. ఆ సైకిల్‌కు నేను చేసినవాటిలో మొదటిసారికే కుదిరింది ఇదొక్కటే. నా భార్య పొడి వేలే పెట్టి చూసింది. సరిపోయింది.

పడ్డవాళ్ళకు మరో అవకాశం ఇస్తామని క్లబ్బు వాళ్ళు కబురు చేశారు. నా భార్యను అడిగే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. ఆమే అంది: "ఇంకొక్కసారి పోనియ్యి. నేను గూడ వస్త. దూరం నిలబడి సూస్త."

ఆ రోజు దగ్గర పడుతోంది. నేనొక్కణ్ణే ప్రార్థిస్తే మధ్యలో నిద్ర పట్టేస్తోంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఇది చదువుతున్నచోటే కాసేపు తల వంచండి. బిడ్డ మణికట్టు కోసం, లోపలి ఆ చిన్న నాలుకల కోసం, నూనె సీసా మూత తీసే నా భార్య చేతి కోసం నాతో కలిసి అడగండి. నేను ఆగినచోట మీరు అందుకోండి. ఆమేన్.