తొట్టిలో నట్టల మందు

మార్కాపురంలో రాధాకుమారి ఇంటి ముందుగదిలో నడిపే బ్యూటీపార్లర్‌కు వచ్చినవాళ్ళు ముందుగా చూసేది అద్దం పక్కనున్న ఉప్పునీటి తొట్టిని. ఒంగోలులో ఒక చేపల దుకాణం మూసేస్తుంటే కొనుక్కొచ్చుకుంది. రెండు నారింజరంగు చేపలు, ఒక రాయి, ఆ రాతిని పట్టుకుని గడ్డిదుబ్బులా ఊగే పచ్చటి పగడం. తాగడానికే నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో చేపలకు క్యాన్లు తెప్పిస్తోందని అత్తవైపువాళ్ళు చాటుగా అనేవారు. సంపాదన తనది గనుక ఆమె పట్టించుకోలేదు.

రాతి సందుల్లో పురుగులున్నాయి. ఒంటినిండా నూగులాంటి ముళ్ళు. మొదటిసారి చూసినప్పుడు ఆమెకూ ఒళ్ళు జలదరించింది. చేపలు వదిలేసిన మేతను తిని అడుగు శుభ్రం చేసేది అవేనని తెలుసుకున్నాక ఉండనిచ్చింది.

మామ కాటమరాజు పుల్లలచెరువు నుంచి వచ్చాడు. గొర్రెలు కాచిన మనిషి. పెళ్ళికూతురి అలంకరణకని కోడలు పొదిలి పోయిన రోజు ఆయన ఆ పురుగులు పాకడం చూశాడు. గొర్రె కడుపులో పడే పురుగులను నట్టలంటారు. వాటి మందు ఆయన సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తొట్టిలో మూతెడు పోశాడు.

మర్నాడు రాధాకుమారి తిరిగొచ్చేసరికి పురుగులన్నీ అడుగున చచ్చి పడున్నాయి. వాటి కుళ్ళుకు నీళ్ళు మసకబారాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పగడం ముడుచుకుపోయింది. నట్టలు పడిపోయినాయని మామ సంతోషంగా చెప్పాడు. ఆమె ఉప్పునీళ్ళు కలిపి చేపలను బకెట్లోకి మార్చింది. భర్త ప్రకాష్ మాత్రం, పురుగుల కోసం ఆ ముఖమేమిటని, పెద్దాయన మంచికే చేశాడని అన్నాడు.

రాధాకుమారి మామ వైపే తిరిగింది. "మామా, నీ మందలో ఒక్క పిల్లకన్నా నిన్నడక్కుండ నేను మందు పోసినానా?"

"గొర్రెంటే జీవం గదమ్మా. ఇవేంది, గాజుపెట్టెలో బొమ్మలు."

"బొమ్మలకు నట్టలెట్ల పడతాయి?"

ప్రకాష్ నవ్వబోయి ఆగిపోయాడు. కాటమరాజు కండువా దులుపుకుని వాకిట్లోకి పోయినాడు.

చేపలు బతికాయి. పగడం కుళ్ళి రాతినుంచి ఊడిపోయింది. పురుగులు లేకపోవడంతో మిగిలిన మేతను రోజూ ఆమే సన్నగొట్టంతో లాగేయాల్సి వస్తోంది. లాగినప్పుడల్లా కోపం మళ్ళీ మొదటికొస్తుంది.

ఊరికి బయల్దేరే ముందు కాటమరాజు చేతులు వెనక్కి కట్టుకుని, గొట్టంతో మేత లాగుతున్న ఆమె పక్కన నిలబడ్డాడు. ఆ పని తను చెయ్యనా అని మెల్లగా అడిగాడు.

"ఇప్పుడడుగుతుండావా మామా" అంది రాధాకుమారి. గొట్టం మాత్రం ఆయన చేతికివ్వలేదు.