చెడుగుడు బరి పక్కన నా గొంతు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు టీవీలో కబడ్డీ పెట్టింది. ఆట చెబుతున్నది ఎవరో చిన్నపిల్ల, చక్కగా చెబుతోంది. ఇదివరకు ఆడవాళ్ళు ఇలా చెప్పేవాళ్ళే కాదట కదా అమ్మమ్మా అని మనవరాలు అంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కాస్త కోపమూ వచ్చింది. చెప్పాం తల్లీ, కాకపోతే చెప్పినందుకు మాతో మాట్లాడటం మానేసేవాళ్ళు.

స్వతంత్రం వచ్చిన మరుసటి వేసవి. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలు అయిపోయాక తోటల్లో పనిచేసేవాళ్ళు ఊళ్ళవారీగా జట్లు కట్టి చెడుగుడు పోటీలు పెట్టుకునేవారు. మా నాన్నగారు బడిలో డ్రిల్లు మాస్టారు, అద్దె మైకులో ఆట చెప్పేది ఆయనే. ఆ ఏడు విస్సన్నపేట జట్టుకీ మా జట్టుకీ ఆఖరి ఆట జరుగుతుండగా సగంలో ఆయన గొంతు పూర్తిగా పోయింది. చిన్నప్పట్నుంచీ ఆయన పక్కన కూర్చుని ఆట చూసినదాన్ని, ఎవర్నీ అడక్కుండా మైకు అందుకుని, కూతకి వెళ్ళినవాడి గుక్క ఎక్కడ తడబడుతోందో, ఎవరి కాలు గీత దాకా వస్తోందో చెప్పుకుంటూ పోయాను. చొక్కాల మీద మామిడి సొన మరకలతో బరి చుట్టూ నిలబడ్డ జనం సద్దుమణిగి విన్నారు.

మా కుటుంబానికి పెద్ద మా పెదనాన్నగారు, గుళ్ళో అర్చకులు. ముందు కుర్చీలో కూర్చుని ఆట చూస్తున్నవారు లేచి నా దగ్గరికొచ్చి, "మగాళ్ళ కుస్తీలు నువ్వు చెప్పడమేంటి? కింద పెట్టు" అన్నారు. ఆ మాట మైకులో తోటంతా వినపడింది.

"ఆట అయ్యాక పెడతానండీ" అన్నాను. అదీ వినపడింది.

ఆట ఆగిపోయింది. అప్పుడు కాయలు కోసే జట్టు మేస్త్రీ, మా వైపు కూతకి వెళ్ళే మనిషి, గీత దగ్గర నిలబడి నెమ్మదిగా, "అమ్మాయిగారు చెప్తేనే ఆడతామండీ" అన్నాడు. అవతలి జట్టువాళ్ళూ తలలూపారు. ఆఖరికి మావాళ్ళే ఓడిపోయారు, విస్సన్నపేటవాళ్ళ గెలుపునీ అంతే గట్టిగా చెప్పాను.

పెదనాన్నగారు ఇక తన గడప తొక్కొద్దన్నారు. నాన్నగారు గొంతు లేక నా భుజం మీద చెయ్యి వేశారు. మెచ్చుకున్నారో, ఇక చాలన్నారో ఆ చేతిని బట్టి తెలియలేదు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

తర్వాత రేడియోలో గొంతు పరీక్షకి వెళితే వంటల కార్యక్రమం కాయితం చేతికిచ్చారు. అది చదివేసి, ఎవరూ అడక్కుండానే ఆ ఆఖరి ఆట మొదట్నుంచీ చెప్పాను. స్టూడియో అద్దం అవతలి పెద్దమనిషి ఆపమని చెయ్యి ఊపి, కాసేపటికి ఊపడం మానేసి వింటూ కూర్చున్నారు. ఉద్యోగం మాత్రం వంటలకే ఇచ్చారు. ఆటలు నాకివ్వండని అడిగీ అడిగీ విసిగించి, కొన్నేళ్ళకి సాధించుకున్నాను.

ఆ గొంతు విని మద్రాసు నుంచి సినిమావాళ్ళు పిలిచారు. తెర మీద మైకు పట్టుకునే మొహం ఇంకో అమ్మాయిది, గొంతు నాది. దానికి ఒప్పుకున్నాను గానీ, హీరో గెలవగానే సిగ్గుపడుతూ నవ్వమంటే నా వల్ల కాలేదు. "ఆట చెప్పేవాళ్ళు ఎవరు గెలిచినా సిగ్గుపడరండీ" అన్నాను. దర్శకుడు మర్యాదగానే నచ్చజెప్పారు, నేనే వినలేదు. నా సినిమా జీవితం ఆ ఒక్క పూటే. మళ్ళీ రేడియోకి వచ్చి, రిటైరయ్యేదాకా ఆటలు చెప్పుకున్నాను.

పెదనాన్నగారు పోయేదాకా నాతో మాట్లాడలేదు. నేనూ వెళ్ళి క్షమించమనలేదు, తప్పు చేస్తే కదా. ఇప్పుడు ఆడపిల్ల ఆట చెబితే కాదనేవాళ్ళు లేరు, అలా ఉండాలనే మేం అంత మొండికేసింది. అయినా, నన్ను అంత గట్టిగా కాదన్న మనిషి ఎదురుగా లేకపోవడం ఒక్కోసారి వెలితిగా ఉంటుంది. గెలిచానని ఆయనకి చెప్పాలనిపిస్తుంది. ఆయన ఒప్పుకోరు, నేనూ తగ్గను.